అమ్మవారు పోయినా అమ్మవారి గుడి ఎందుకు?



ఆమధ్య మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు మశూచి గురించి చెబుతున్నాను. మశూచి అన్న మాట వాళ్ళకు తెలియలేదు. స్ఫోటకం అన్నాను, అదీ తెలియలేదు. మన పెద్దవాళ్ళు ఆ జబ్బు పేరు పలకడానికి జంకి దాన్ని "అమ్మవారు" అనేవారని, "అమ్మవారు పోసింది" అంటే ఒళ్ళంతా ఆ పొక్కులు లేచాయని అర్థమని చెప్పాను. టీకాల వల్ల ప్రపంచం మొత్తంమీద ఆ జబ్బు లేకుండా పోయిందని చెప్పి పాఠం ముగించాను. అప్పుడు వెనక బల్లమీది అమ్మాయి లేచి, "టీచర్, అమ్మవారు పోయింది గదా, మరి అమ్మవారి గుడికి ఇంకా ఎందుకు పోతున్నాం?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి అసలు సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న కాశిమేడు రేవునుంచి మరబోటులో వేటకు వెళ్తాడు. వెళ్తే వారం, పదిరోజులు సముద్రంమీదే. ఆయన తిరిగి వచ్చేదాకా వాళ్ళమ్మ శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. గంగమ్మ పటం ముందు పసుపుగుడ్డలో ముడుపు కడుతుంది. పాలిటెక్నిక్ చదివే అన్న ఒకరోజు, "ముడుపు కడితే తుఫాను ఆగుతుందా?" అని అడిగాడట. వాళ్ళమ్మ ఏడ్చింది. వారంరోజులుగా తల్లికీ కొడుక్కీ మాటల్లేవు. "ఇద్దరిలో తప్పు ఎవరిది టీచర్?" అంది.

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. "ఇద్దరూ మంచివాళ్ళే తల్లీ" అని పంపేశాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఆ జవాబు వెతకడమే ఈనాటి ప్రసంగం. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదంలోకి నేను పోవడం లేదు. మనుషులకు మతం అవసరమని ఎందుకు అనిపిస్తున్నది అన్న ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను.

ముందుగా మా పేట సంగతి చెప్పాలి. చెన్నై నగరానికి ఉత్తరాన ఉన్న తొండియార్‌పేటకు ఆ పేరే ఒక సాధువు వల్ల వచ్చిందంటారు. రామనాథపురం జిల్లాలోని తొండి దగ్గర కుణంగుడి అనే ఊళ్ళో 1792లో పుట్టిన మస్తాన్ సాహెబు అనే సూఫీ కవి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. తొండినుంచి వచ్చినవాడు గనుక జనం ఆయన్ను తొండియార్ అన్నారు. ఆయనున్న చోటు తొండియార్‌పేట అయింది. 1838లో ఆయన కాలం చేశాడు. ఆయన పాటలు తమిళంలో ఉన్నాయి. ఆయన దర్గాకు ముస్లిములే కాదు, హిందువులూ వెళ్తారు. పక్కనే రాయపురంలో సెయింట్ పీటర్ చర్చి ఉంది. పీటరును తమిళ క్రైస్తవులు రాయప్ప అంటారు. ఆయన చేపలు పట్టుకొని బతికినవాడు. 19వ శతాబ్దిలో ఆ చర్చిని కట్టినవారు ఓడరేవులో పడవల పని చేసుకొనేవారు. సముద్రంమీద బతికేవాళ్ళు సముద్రం తెలిసిన ఒక పుణ్యపురుషుణ్ణి తమకు అండగా ఎంచుకున్నారన్నమాట. ఇక అమ్మవారి గుళ్ళు సరేసరి, వీధికొకటి కనబడుతుంది.

ఈ పేటలోనే నగరపాలక సంస్థవారి అంటువ్యాధుల ఆసుపత్రి కూడా ఉంది. అంటే జబ్బు చేస్తే వెళ్ళడానికి ఆసుపత్రి, మొక్కుకోవడానికి గుడి, రెండూ ఒక్కచోటే ఉన్నాయి. మా పేటవాళ్ళు చాలామంది రెండుచోట్లకూ వెళ్తారు. ఆ అమ్మాయి ప్రశ్నకు ఇక్కడే కొంత ఆధారం దొరుకుతుంది.

మతం ఎందుకు పుట్టిందంటే చదువుకున్నవాళ్ళు చాలామంది వెంటనే చెప్పే జవాబు భయం అని. పిడుగు ఎందుకు పడుతుందో, జబ్బు ఎలా వస్తుందో తెలియని కాలంలో మనిషి భయపడి చేతులు జోడించాడు, తెలివి పెరిగేకొద్దీ ఆ అవసరం తగ్గిపోతుంది అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. మశూచి మామూలు జబ్బు కాదు. పదిమందికి సోకితే ఇంచుమించు ముగ్గురు పోయేవారు. బతికినవాళ్ళలో కొందరికి చూపు పోయేది, ముఖంమీద మచ్చలు జీవితాంతం ఉండిపోయేవి. దానికి మందు లేదు. ఏ ఇంటిని పట్టుకుంటుందో, ఏ ఇంటిని వదిలేస్తుందో తెలిసేది కాదు. అటువంటి జబ్బును తల్లి అని పిలిచి, గుమ్మానికి వేపమండలు కట్టి, చల్లని కుండనీళ్ళు పెట్టి, "శాంతించు తల్లీ" అనడం తప్ప ఆనాటివారికి వేరే దారి లేకపోయింది. పోలేరమ్మ, మారెమ్మ, ముత్యాలమ్మ, ఈ తల్లుల పేర్లన్నీ అటువంటి భయంతో ముడిపడి ఉన్నవే.

తరవాత మందు వచ్చింది. 1796లో ఇంగ్లండులో జెన్నర్ టీకా కనిపెట్టాడు. 1802లో అది మన దేశానికి చేరింది. మన చెన్నైలోనే గిండీలో 1899లో పెట్టిన కింగ్ సంస్థ మశూచి టీకామందు తయారుచేసింది. ఎన్నో ఏళ్ళు ఆరోగ్యశాఖవారు ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేశారు. మన దేశంలో మశూచి ఆఖరుసారి కనిపించింది 1975 మే నెలలో. ప్రపంచం మొత్తంమీద సహజంగా వచ్చిన ఆఖరు కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మశూచి లేదని ప్రకటించింది.

భయం ఒక్కటే కారణమైతే 1980 తరవాత మారెమ్మ గుళ్ళు మెల్లగా మూతపడి ఉండాలి. ఏ గుడీ మూతపడలేదు. జులై నడిమినుంచి ఆగస్టు నడిమిదాకా తమిళులకు ఆడి మాసం. ఆ నెల్లాళ్ళూ మా వీధుల్లో పెద్ద గుండిగల్లో రాగిపిండి, నూకలు వేసి అంబలి కాస్తారు. తమిళులు దాన్ని కూళ్ అంటారు. అమ్మవారికి నైవేద్యం పెట్టి, వచ్చినవారికల్లా పోస్తారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, మునగాకు వేపుడు, కొన్నిచోట్ల ఎండుచేపల పులుసు. కాచేవాళ్ళలో, తాగేవాళ్ళలో మశూచిని కంటితో చూసినవాళ్ళు ఇప్పుడు చాలా అరుదు. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ఆషాఢంలో జరిగే బోనాలూ ఇంతే. 1813 ప్రాంతంలో అంటువ్యాధి వచ్చి జనం పోతూంటే మొక్కుకొన్న మొక్కుతో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి జాతర మొదలైందని చెప్పుకొంటారు. ఆనాటి వ్యాధి భయం ఇప్పుడు లేదు. బోనాలు మాత్రం 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి.

కాబట్టి భయం మనిషిని గుడిదాకా తీసుకువచ్చి ఉండవచ్చు. అక్కడ నిలబెట్టినవి వేరే ఉండాలి. అవేమిటో చూద్దాం. నాకు ముఖ్యంగా మూడు కనబడుతున్నాయి.

మొదటిది, మన చేతుల్లో లేనిదాన్ని భరించడం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో కొంతకాలం ఉన్నాడు. అక్కడి జాలరులు రెండు రకాలుగా చేపలు పట్టేవారు. దీవుల మధ్య నిలకడగా ఉండే నీళ్ళలో ప్రమాదం లేదు, చేపలు తప్పకుండా దొరుకుతాయి. ఆ వేటకు వాళ్ళు మంత్రాలు చదివేవారు కారు. బయటి సముద్రంమీదికి వెళ్ళేటప్పుడు ప్రాణానికి హామీ లేదు, చేపలు దొరుకుతాయన్న నమ్మకమూ లేదు. ఆ వేటకు మాత్రం ఎన్నో తంతులు జరిపేవారు. ఆ జాలరులకు సముద్రం గురించి తెలియక కాదు. గాలి, నీటివాలు, పడవ కట్టే విద్య అన్నీ తెలిసినవాళ్ళే. తెలిసిన విద్య ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మంత్రం మొదలయ్యేదని ఆయన గమనించాడు.

కాశిమేడులో ఇదే చూడవచ్చు. ఇవాళ మరబోటులో దారి చూపే యంత్రం ఉంది, ఒడ్డుతో మాట్లాడే రేడియో ఉంది. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన సముద్ర సమాచార కేంద్రం చేపలు ఎటువైపు ఉంటాయో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో ముందే చెబుతుంది. జాలరులు ఆ సమాచారం విని వెళ్తారు. అయినా ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి బోట్లు కదిలే రోజు రాగానే హారతి కర్పూరం వెలుగుతుంది, గుమ్మడికాయ పగులుతుంది. యంత్రం సముద్రం సంగతి చెబుతుంది. ఇంటి దగ్గర తల్లికి పదిరోజులు ఎలా గడుస్తాయో అది చెప్పలేదు. ఎదురుచూడడం తప్ప చేయగలిగింది ఏమీ లేనప్పుడు ఏదో ఒకటి చేస్తున్నానన్న ఊరట మనిషికి కావాలి. ఆ తల్లి ఒక్కపొద్దు, ముడుపు చేసే పని అదే.

రెండవది, దుఃఖానికి ఒక దారి చూపడం. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం వచ్చిన సునామీ మా తీరాన్నీ కొట్టింది. పిల్లలు పోయినవాళ్ళున్నారు, పడవలు, వలలు పోయినవాళ్ళున్నారు. ఆ తరవాత ఏటా ఆ రోజున జనం ఒడ్డుకు వచ్చి సముద్రంలో పాలు పోస్తారు, పూలు చల్లుతారు. చంపిన సముద్రానికే పాలు పోయడమేమిటని బయటివాళ్ళకు అనిపించవచ్చు. మరునాడు అదే సముద్రంమీదికి వేటకు పోవలసినవాళ్ళకు దానితో ఏదో ఒక రాజీ కుదరాలి. పోయినవాళ్ళకోసం నలుగురిలో ఏడవడానికి ఒక రోజు, ఒక చోటు కావాలి.

ఈ అవసరం ఎంత గట్టిదో 2020లో కరోనా వచ్చినప్పుడు మనకందరికీ తెలిసింది. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో చెన్నైలో జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో రాయపురం, తొండియార్‌పేట కూడా ఉన్నాయి. గుళ్ళు, చర్చీలు, మసీదులు అన్నీ మూసి ఉన్నాయి. మనిషి పోతే శవాన్ని ఇంటికి తేలేని రోజులవి. స్నానం చేయించడం లేదు, పాడె మోసే నలుగురు లేరు, పదోరోజు వచ్చి పలకరించే బంధువులు లేరు. మనిషి పోయిన బాధకన్నా సరిగా సాగనంపలేకపోయామన్న బాధ ఎక్కువగా ఉందని చాలా ఇళ్ళలో విన్నాను. మన కర్మకాండలో అర్థం లేని తంతు చాలా ఉందని విమర్శించేవాళ్ళు కూడా ఆ రోజుల్లో దాని విలువ గుర్తించారు. మొదటిరోజు ఇది, మూడోరోజు ఇది, పదోరోజు ఇది అని వరస పెట్టినవాళ్ళు, దిక్కుతోచక కూర్చున్న మనిషిచేత రేపు చేయవలసిన పని ఒకటుందని గుర్తు చేయించారు.

మూడవది, నలుగురిలో ఒకరు కావడం. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1912లో ప్రకటించిన పుస్తకంలో ఈ విషయాన్ని వివరించాడు. జనం ఒకచోట చేరి ఒకే పాట పాడి, ఒకే అడుగు వేసినప్పుడు తమకన్నా పెద్దదేదో తమను పట్టి ఎత్తినట్టు అనుభవం కలుగుతుందని, మతానికి మూలం అదేనని ఆయన వాదన. మూలం అదేనో కాదో గాని, ఆ అనుభవం మనకు తెలిసిందే. పురటాసి నెలలో శౌకార్‌పేట చెన్నకేశవపెరుమాళ్ కోయిలనుంచి తిరుమల బ్రహ్మోత్సవాలకు గొడుగులు బయలుదేరుతాయి. ఆ రోజు యానకవుని దగ్గర నిలబడి, గోవింద నామం వినబడినప్పుడు ఒళ్ళు జలదరించని తెలుగువాడు అరుదు. పనికోసం నెల్లూరునుంచో శ్రీకాకుళంనుంచో వచ్చి ఇక్కడ ఒక గదిలో అద్దెకు ఉండే మనిషికి, ఆడి మాసంలో అంబలి గిన్నె పట్టుకొని వరసలో నిలబడ్డప్పుడు ఈ వీధి తనది కూడా అనిపిస్తుంది. ఆ పూట ఎవరూ అతన్ని ఏ ఊరని అడగరు.

ఈ మూడో అవసరానికి మరో ముఖముంది, దాన్ని దాచకూడదు. నలుగురిలో ఒకరుగా చేర్చుకొనే మతమే కొందరిని గుమ్మం బయట నిలబెట్టింది. అలా బయట నిలబడ్డవాళ్ళు ఏం చేశారు? కొందరు మతాన్నే వదిలేశారు. మరికొందరు తమను మనుషులుగా చూసే మతాన్ని వెతుక్కున్నారు. అయోధ్యదాస పండితులు 1898లో మన చెన్నైలోనే బౌద్ధసంఘం స్థాపించారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ అంబేద్కర్ లక్షలాదిమందితో బౌద్ధం స్వీకరించారు. అంత చదివి, అంత తర్కించిన మనిషి మతమే వద్దనలేదు, మర్యాద ఇచ్చే మతం కావాలన్నారు. ఊరటతోపాటు గౌరవం కూడా మనిషికి అవసరమని దీనివల్ల తెలుస్తున్నది.

మరి మతం లేకుండా ఈ అవసరాలు తీరవా? తీరుతాయి. దానికి కూడా మన దగ్గరే ఉదాహరణలున్నాయి. చెన్నైలో జాలరి కుటుంబంలో 1860లో పుట్టిన సింగారవేలు మొదట బౌద్ధంవైపు మొగ్గాడు. తరవాత హేతువాది, కమ్యూనిస్టు అయ్యాడు. 1923 మే 1న చెన్నై సముద్రతీరంలో మేడే జరిపించింది ఆయనే. కృష్ణాజిల్లా ముదునూరులో 1940లో గోరాగారు, సరస్వతిగారు నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. వాళ్ళు దేవుడు లేడన్నారు గాని మనుషులు కలవనక్కరలేదు అనలేదు. సహపంక్తి భోజనాలు పెట్టారు, కులాంతర వివాహాలు జరిపించారు, ఆపదలో ఉన్నవాళ్ళకు సేవ చేశారు. మేడే జెండాకిందికి, సహపంక్తి బంతిలోకి వచ్చినవాళ్ళు కూడా నలుగురిలో ఒకరు కావాలనే వచ్చారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక అవసరం ఉన్నంతమాత్రాన దాన్ని తీరుస్తామనేవాళ్ళంతా మంచివాళ్ళు కారు. ఆకలి ఉన్నచోట కల్తీసరుకు అమ్మేవాడు ఉన్నట్టే, భయం ఉన్నచోట తాయెత్తులు అమ్మేవాడూ ఉంటాడు. బిడ్డకు జ్వరం వస్తే నాలుగురోజులు విభూతి పెట్టించి, అయిదోరోజు ఆసుపత్రికి పరుగెత్తే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అప్పు చేసి మొక్కు తీర్చుకొనే ఇళ్ళూ ఉన్నాయి. బాధపడేవారికి మతం మత్తుమందులా పనిచేస్తుందని 1844లో మార్క్స్ విమర్శించింది ఇటువంటివాటిని చూసే. అయితే ఆ బాధ నిజమైన బాధేనని ఆయన కూడా ఒప్పుకొన్నాడు. మతం పెద్దవాడైన మనిషి తండ్రి అండకోసం పడే తపన అని 1927లో ఫ్రాయిడ్ రాశాడు. కావచ్చు. కాని నడిసముద్రంలో గాలి తిరిగినప్పుడు అండ కోరుకోవడం పసితనమని ఒడ్డున కూర్చొని అనడం అంత న్యాయం కాదు.

నాకు తెలిసినంతలో ఒక చిన్న గుర్తు ఉంది. మొక్కు మనం చేయవలసిన పనికి తోడుగా ఉంటే దానివల్ల నష్టం లేదు. మొక్కుకొన్నాం గదా అని చేయవలసిన పని మానేస్తేనే నష్టం. అమ్మవారికి వేపమండ కట్టి, బిడ్డకు టీకా కూడా వేయించిన తల్లులు లక్షలమంది ఉన్నారు. మశూచిని ఈ దేశంనుంచి పంపినదాంట్లో ఆ తల్లులకూ భాగం ఉంది. వాళ్ళలో చాలామంది టీకా వేయించి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి ఉంటారు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఇద్దరిలో తప్పు ఎవరిది? అన్న అడిగింది సముద్రం గురించి. ముడుపు కడితే తుఫాను ఆగదు. ఆ మాట నిజమే. అది అడిగే హక్కు అతనికి ఉంది. చదువు చెప్పేది అటువంటి ప్రశ్నలు అడగమనే. తల్లి చేస్తున్నది మాత్రం తనను తాను నిలబెట్టుకోవడం. ఆ పదిరోజులూ వంట చేయాలి, పిల్లల్ని బడికి పంపాలి, రాత్రి కిటికీ కొట్టుకుంటే ఉలిక్కిపడకుండా పడుకోవాలి. అది కూడా నిజమే. ఇద్దరి మాటల్లోనూ ఉన్నది ఒకే మనిషిని గురించిన దిగులు. కొడుకు దాన్ని కోపంగా చూపిస్తున్నాడు, తల్లి ఒక్కపొద్దుగా చూపిస్తున్నది.

అందుకని ఆ అమ్మాయిని మర్నాడు పిలిచి ఇలా చెప్పాను. "మీ అన్నను ఒక పని చేయమను. నాన్న బయలుదేరేముందు వాతావరణ హెచ్చరికలు చూసి చెప్పమను, బోటులో లైఫ్ జాకెట్ ఉందో లేదో కనుక్కోమను. ఆ పని అతనిది. ముడుపు కట్టే పని అమ్మది. ఒకరి పనిని ఒకరు వెక్కిరించుకోవద్దని నేను చెప్పానని చెప్పు" అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "మరి నేనేం చేయాలి టీచర్?" అంది. "నువ్వు అడగడం మానకు" అన్నాను.

తరవాత పదిరోజులకు వాళ్ళ నాన్న క్షేమంగా తిరిగి వచ్చాడు. అది మొక్కు వల్లనా, వాతావరణ సమాచారం వల్లనా అని ఆ ఇంట్లో మళ్ళీ వాదన వచ్చిందట. అయితే ఈసారి తల్లీ కొడుకూ ఒకే కంచం దగ్గర కూర్చొని వాదించుకున్నారని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.